గాజులగుండం దారి

మార్కాపురం,
27 జూలై 2025

పెద్దమ్మా,

నమస్కారాలు చివర్లో పెడతాను. ముందు నా కోపం చదువుకో.

మొన్న ఫోనులో నా మాట సగంలో ఉండగానే పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మూడోసారి పెద్దనాయన ఎత్తి "మీ పెద్దమ్మ లేదంట" అన్నాడు. లేదంట! నువ్వు పక్కన నిలబడి చెప్పించిన మాట అది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చించాలనుకుంటే చించుకో గాని, మధ్యలో నా నోరు మాత్రం మూయించలేవు.

సంగతి మళ్లీ మొదటినుంచి చెప్తాను. నేను, నా స్నేహితురాలు షబానా, డిగ్రీలో మాతో చదివినవాళ్లు కొందరు కలిసి 'వాగుల బాట' అని ఒక బృందం పెట్టుకున్నాం. ఆదివారం ఆదివారం ఎవరూ పట్టించుకోని సెలయేటికో, చిన్న జలపాతానికో నడిచి వెళ్లడం, చూసి రావడం, దాని గురించి కరపత్రం రాసి పంచడం. పడమటి ప్రకాశం అంటే అందరికీ ఎండిన బోర్లు, ట్యాంకరు నీళ్లే గుర్తొస్తాయి. వానలు పడితే నల్లమల అంచున ఎన్ని సన్నటి ధారలు దూకుతాయో ఇక్కడ పలకల దుకాణాల మెట్ల మీద కూర్చుని కబుర్లాడే వాళ్లకు తెలియదు. చూస్తేనే కదా ప్రేమ పుట్టేది! ప్రేమ పుడితేనే కదా కాపాడుకునేది!

మొదటి ఆదివారం పుల్లలచెరువు దాటి వెళ్లాం. ధార లేదు, ధార పడిన చోట బండ మీద నల్లటి చార ఉంది. ఆ చార కిందే నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. రెండోవారం త్రిపురాంతకం అవతల బొటనవేలంత ధార దొరికింది. షబానా దోసిలి పట్టి, అది నిండేలోపల ఒక పాట మొత్తం పాడేసింది. నవ్వకు. ఆ బొటనవేలంత నీళ్లు చూసి మా వాళ్లలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు మన ఊరి జలపాతం గాజులగుండం వంతు. ఆగస్టు పది, ఆదివారం, ముప్పై మందిమి వస్తున్నాం. దానికి నువ్వు ఫోనులో చెప్పిందేమిటి? కొత్త నీళ్లు వచ్చాక ఊరి ఆడపడుచు మొదట దిగి మునగాలట, అంతవరకూ గుండం దగ్గరికి ఎవరూ పోకూడదట! నీళ్లకు ఆడపడుచేంది, కోడలేంది పెద్దమ్మా? ఎవరు మునిగినా మునగకపోయినా మేం వస్తాం. అన్నం వండమని కూడా అడగడం లేదు. పులిహోర తెచ్చుకుంటాం. దారి చూపిస్తే చాలు.

నాయన నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. అది ఆయన మాట, నాది కాదు.

కోపంగానే నమస్కరిస్తూ,
నాగవేణి

---

బోడిగుట్టపల్లె,
1 ఆగస్టు 2025

నాగవేణికి,

ఉత్తరం అందింది. మీ పెద్దనాయన చదివి వినిపిస్తానంటే లాక్కొని నేనే చదువుకున్నా. ఆయన చదివితే తిట్లన్నీ మింగేసి క్షేమ సమాచారం ఒక్కటే బయటికి చెప్తాడు.

నీ మీద కోపంతో ఫోను పెట్టలేదు నేను. బర్రె తాడు తెంపుకొని పక్కోళ్ల కందిచేలో పడింది. నీ ఉపన్యాసం వింటా నిలబడితే వాళ్లు నా తోలు తీసేవాళ్లు.

గుండానికి ఇంకా నీళ్లు రాలే. బండ తడిసింది, అంతే. ముప్పై మందిని తెచ్చి ఏం చూపిస్తావు, నాచునా?

మునక సంగతి చెప్తా విను. మొదటి మునక మన ఇంటి ఆడపడుచుదే, ఇన్నేళ్లూ మీ మేనత్త అరుణకుమారి వచ్చి చేసిపోయేది. ఇప్పుడు మోకాళ్లకు ఆపరేషనై నంద్యాలలో కొడుకు ఇంట్లో మంచం మీద ఉంది. ఈ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఇంక నువ్వొక్కదానివే, కాబట్టి వంతు నీకొచ్చింది. రవిక గుడ్డ కొన్నా, గాజులు తీసిపెట్టినా. నీళ్లు రాంగానే కబురు చేస్తా, ముందు నువ్వొక్కదానివి రా. పని అయినాక ముప్పై మందినే కాదు, మార్కాపురం మొత్తాన్ని తోలుకొని రా, నేనేమన్నా కాదన్నానా?

ఇంకొకటి. మొన్న ఒకాయన నల్ల కళ్లద్దాలు పెట్టుకొని కారులో వచ్చినాడు. గుండానికి పోయే దారి టేపు పెట్టి కొలిచినాడు. ఏందయ్యా అంటే "నాగవేణి మేడమ్ పంపింది" అన్నాడు. నువ్వెప్పుడు మేడమ్ అయినావే? నేల మీద టేపు పెట్టేవాళ్లంటే నాకు భయం. ఎవరతను?

నాయన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడో లేదో కాస్త చూడు. లోకంలోని వాగులన్నీ చూసినాక తీరిక ఉంటేనే.

మీ పెద్దమ్మ

---

మార్కాపురం,
12 ఆగస్టు 2025

పెద్దమ్మా,

ముప్పై మంది ముందు నా తల తీసేసినట్టయింది.

వస్తున్నామని తారీఖుతో సహా రాశాను. ఇంటికి తాళం వేసి కొమరోలు పోయావు! సరే, దారి మేమే వెతుక్కుందామని వెళ్తే, ఊరి ఆడవాళ్లు దారి మొదట్లో అడ్డంగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. ఒలవడానికి వాళ్లకు ఇళ్లలో చోటు లేదా? "జరగండి అక్కా, ఇది ప్రజల దారి" అన్నాను. ఒకావిడ తల కూడా ఎత్తకుండా "మేమూ ప్రజలమేలే, కూర్చున్నాం" అంది. మా బృందమంతా నవ్వింది. నా వైపు నిలబడి నవ్వాల్సినవాళ్లు ఆమె వైపు నవ్వారు!

ఎర్రటెండలో బండ మీద పులిహోర తిని తిరిగొచ్చాం. షబానా మాత్రం వాళ్ల పక్కన కూర్చుని చేట నిండా కాయలు ఒలిచి వచ్చింది. "మంచివాళ్లేనే, నువ్వే ఒకటే అరిచావు" అంటోంది.

కళ్లద్దాల మనిషి పేరు సురేష్ గారు. ట్రావెల్స్ నడుపుతారు. మా ఆదివారాలకు బస్సు ఊరికే ఇస్తున్నారు, కరపత్రాలు ఆయనే అచ్చు వేయిస్తున్నారు. దారి బాగుచేయించాలని కొలిచి ఉంటారు. నల్ల కళ్లద్దాలు పెట్టినవాళ్లంతా దొంగలైతే కంటి ఆపరేషన్ అయిన పెద్దనాయన కూడా దొంగే.

ఇక నీ మునక. రవిక గుడ్డ, గాజులు, ఒక్కదాన్నే రమ్మనడం. నాకు అర్థం కాదనుకున్నావా? గిద్దలూరు బ్యాంకులో పనిచేసే అబ్బాయి గురించి నువ్వూ నాయనా మాట్లాడుకుంటుంటే విన్నాను. గుండం పేరు చెప్పి పిలిచి, చీర కట్టించి, పెళ్లిచూపుల్లో కూర్చోబెడతారు. నేను రాను, మునగను, ఆ గాజులు వేసుకోను.

కొత్త కరపత్రం దీంతో పంపుతున్నాను. ప్రతి అక్షరం నాదే. 'గాజులగుండం దారి తెరవండి! జలపాతం అందరిదీ!' మీ ఊళ్లో ఇంటింటికీ పంచమని సురేష్ గారికి ఒక కట్ట ఇచ్చాను. చదివి సిగ్గుపడు.

ఇంకా చల్లారని,
నాగవేణి

---

బోడిగుట్టపల్లె,
20 ఆగస్టు 2025

నాగవేణికి,

సిగ్గుపడమన్నావు. ఎవరు పడాలో ఇది చదివి చెప్పు.

నేను కొమరోలుకు పారిపోలేదు. మా తమ్ముడి బోరు ఎండిపోయి అన్నదమ్ములు కట్టెలు పట్టుకొని నిలబడినారంటే పోయినా. ఆడవాళ్లను దారిలో కూర్చోబెట్టింది మాత్రం నేనే, దాచను. గిద్దలూరు పిల్లోడి భయం వదిలెయ్. వాళ్లమ్మ బస్టాండులో నీ ఉపన్యాసం విన్నదంట. సంబంధం ఆరోజే చాలించుకున్నారు.

ఇప్పుడు నీ సురేష్ గారి కథ విను. కరపత్రం చేత పట్టుకొని సర్పంచి ఇంటికి వచ్చినాడు. "చూడండి, మీ ఊరి ఆడపడుచే రాసింది దారి తెరవాలని" అని మగవాళ్లందరికీ చదివి వినిపించినాడు. తెరవడమంటే ఏందయ్యా అంటే గేటు పెడతాడంట. టికెట్టంట. గుండం చుట్టూ సిమెంటు గట్టంట, బట్టలు మార్చుకునే రేకుల గదులంట. ఊరోళ్లకు పొద్దున ఒక గంట వదులుతాడంట. గొర్రెలను తాపాలన్నా, బాలింతకు తొలిస్నానం చేయించాలన్నా ఆ గంటలోనే కావాల! కార్లు నిలిపే చోటుకు బాడుగ ఇస్తాననేసరికి మగవాళ్లు తలలూపినారు. మీ పెద్దనాయన కూడా ఊపినాడు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టలే నేను. ఇనుప స్తంభాలు పాతేసినారు. సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం రిబ్బను కత్తిరిస్తారంట.

ఒకటే అడ్డం. మునక కాకముందు దారి తెరిచేందుకు ఊరి పెద్ద మాలకొండయ్య తాత ఒప్పుకోలే. ఎందుకో నీకు తెలియదు. వినేదాకా ఆగితే కదా తెలిసేది! ఆడపడుచు దిగబోయే ముందు గట్టు మీద నిలబెట్టి తాత అడుగుతాడు, "తల్లీ, ఈ ఏడు దారి ఎట్ల?" అని. ఆమె ఏం చెప్తే ఆ ఏడాదంతా అదే కట్టుబాటు. తాత దాన్ని మూడుసార్లు గట్టిగా చదివినట్టు చెప్తాడు, ఇంక సర్పంచి అయినా దాటేందుకు లేదు. ఒక ఏడు మీ మేనత్త "పై బండ మీద బట్టలు ఉతకొద్దు" అనింది, ఈరోజుకీ ఎవరూ ఉతకరు. కరువు ఏడు "ముందు గొడ్లు, తర్వాత మనుషులు" అనింది. ఊరు ఊరంతా బిందెలు పట్టుకొని ఆవుల వెనకాల నిలబడింది.

నేను కోడలిని. ఈ ఊరికి వచ్చినప్పటినుంచి వెనక వరసలో నిలబడి వింటానే ఉన్నా. నన్ను అడిగేవాళ్లు లేరు, నేను చెప్పేందుకు లేదు. నీకు ఉంది. నువ్వేమో నీళ్లకు ఆడపడుచేందని ఎగతాళి చేస్తున్నావు.

నువ్వు రాకపోతే ఏమవుతుందో చెప్పనా? సురేష్ తాతను అడిగినాడు, "ఆడపిల్ల అయితే చాలు కదా తాతా, టీవీలో మాట్లాడే అమ్మాయిని తెస్తా, ఊరు దత్తత తీసుకుందని రాసుకుందాం" అని. తాత ఆలోచిస్తున్నాడు.

మీ పెద్దమ్మ

---

మార్కాపురం,
25 ఆగస్టు 2025

పెద్దమ్మా,

సురేష్ మీద కోపం, నీ మీద కోపం, నా మీద కోపం. ఏది ముందు రాయాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను.

సురేష్ ఆఫీసుకు పోయాను. కరపత్రం బల్ల మీద కొట్టి, "అందరిదీ అంటే ఇదా అర్థం?" అని అడిగాను. ముందు టీ తెప్పించాడు. తర్వాత నవ్వుతూ, "అందరిదే మేడమ్. టికెట్టు కొన్న అందరిదీ. మీరు రాసినదాంట్లో నేను ఒక్క ముక్క మార్చలేదు" అన్నాడు. నేను టీ ముట్టలేదు. షబానా మాత్రం తాగి, "మీ మాటల్లో చక్కెర ఎక్కువైంది సార్" అని లేచి వచ్చింది. నాకు అలాంటివి అక్కడ తోచవు, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు తోస్తాయి. అతని బస్సు ఇక ఎక్కమని చెప్పి వచ్చేశాం.

నీ మీద కోపం ఎందుకంటే, ఇంత పెద్ద సంగతి దగ్గర పెట్టుకుని రవిక గుడ్డ, గాజులు అని రాస్తావా? ఊరి కట్టుబాటు ఒక ఆడమనిషి నోటి మాట మీద నడుస్తుందని మొదటి ఉత్తరంలో మొదటి వాక్యంగా రాయొద్దా? నేనైతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేసేదాన్ని.

సరే, వస్తాను. కానీ నా చిక్కులు విను. నమ్మకం లేకుండా మునిగితే అది నాటకం కాదా? షబానాను అడిగితే, "సిద్ధాంతం తడవకూడదంటే రెయిన్‌కోటు వేసుకుని దిగు" అంటోంది. దానికి అన్నీ ఎగతాళే. పోనీ, దిగుతాననుకో. తాత అడిగితే ఏం చెప్పాలి? "దారి అందరికీ" అంటే సురేష్ గేటు నిలబడిపోతుంది. "మన ఊరివాళ్లకు మాత్రమే" అంటే నేను ఇన్ని ఆదివారాలు నడిచిందీ రాసిందీ అబద్ధమైపోతుంది. రాత్రింబవళ్లు ఇదే ఆలోచన. నాయనను అడిగితే "మీ పెద్దమ్మను అడుగు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. సెలవులకు వచ్చి నాలుగు రోజులుండి పోయేదాన్ని నేను. ఆ గుండం నీళ్లు మోసి మోసి భుజం అరిగింది నీకు. అడిగేది నన్ను, నిలబడి వినేది నువ్వు! పుట్టుక చూసి మాటకు విలువ కట్టే కట్టుబాటును నేనెలా నెత్తిన పెట్టుకోను? దీనికి నువ్వేమంటావు?

తల పగిలిపోతున్న,
నాగవేణి

---

బోడిగుట్టపల్లె,
10 సెప్టెంబరు 2025

నాగవేణికి,

వచ్చినాయి. పైన అడవిలో రెండు రోజులు వాన పడింది. తెల్లారేసరికి నీళ్ల మోత ఇంటిదాకా వినపడింది. ఇంకా ఎర్రగా ఉన్నాయి, ఆదివారానికి తేట పడతాయి.

నేనేమంటానా? ఇన్నేళ్లు ఎవరడిగినారు నన్ను, ఇప్పుడు నువ్వు అడిగేందుకు? మాట ఏదో నువ్వే తేల్చుకో, చదువుకున్నదానివి. నన్ను దాంట్లోకి లాగొద్దు.

సురేష్ మైకుసెట్టు దింపినాడు. మునక కాంగానే రిబ్బను అని సర్పంచి చాటింపు వేయించినాడు. నువ్వు వస్తే నువ్వు, లేకపోతే టీవీ అమ్మాయి. తాత దానికి కూడా సరేననేసినాడు.

శనివారం సాయంత్రానికి దిగు. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు జాషువా చేతికిస్తున్నా, ఆయన బస్సులోనే రా. షబానాను కూడా తీసుకొని రా, కాయలు బాగా ఒలుస్తుందని ఆడవాళ్లు అడుగుతున్నారు. చీర నాది కట్టుకుందువు. ఉపన్యాసం మాత్రం ఇంట్లో పెట్టి రా.

మీ పెద్దమ్మ

---

బోడిగుట్టపల్లె,
17 సెప్టెంబరు 2025

నాగవేణికి,

ఆదివారం నువ్వు చేసిన పని నీకు చాలా గొప్పగా కనపడి ఉంటుంది. నాకు ఎట్ల కనపడిందో రాస్తా, కూర్చొని చదువు.

ఊరంతా ఉంది. సర్పంచి ఉన్నాడు. సురేష్ కత్తెర పట్టుకొని ఉన్నాడు. నువ్వు వచ్చినావని తెలిసి టీవీ అమ్మాయి కారు దిగనేలేదు. తాత అడిగినాడు, "తల్లీ, ఈ ఏడు దారి ఎట్ల?" అని. ఒక్క మాట చెప్పే చోట నువ్వు మొదలుపెట్టినావు. ప్రకృతి అన్నావు, హక్కు అన్నావు, సమానత్వం అన్నావు. ముసలోళ్లు కింద కూర్చున్నారు. మీ పెద్దనాయన ఆవులించినాడు, నేను చూసినా. గేటు మాట ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూస్తా ఉంటే, చివరికి నువ్వు అన్నదేంది?

"ఈ ఏడు నా మాట ఒకటే. మా పెద్దమ్మ ఏం చెప్తే అదే నా మాట."

అనేసి, వెనక వరసలో ఉన్నదాన్ని చెయ్యి పట్టి ముందుకు లాగినావు. చెంగు జారిపోయింది. మోచేతి కాడ నిన్ను గిల్లినా. కందిందా? కందాల.

సర్పంచి "కోడలు చెప్పేదేంది, కుదరదు" అని లేచినాడు. సురేష్ కూడా "అవునండీ, సంప్రదాయం ముఖ్యం కదా" అన్నాడు! ముందురోజు దాకా టీవీ అమ్మాయిని ముంచుతానన్న మనిషి! తాత చెయ్యెత్తి ఇద్దరినీ ఆపినాడు. "ఆడపడుచు మాట కాదనేందుకు నాకు లేదు. ఆమె ఈమెను చూపించింది. చెప్పు, రంగమ్మా" అన్నాడు. తాత నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎప్పుడూ "కాశయ్య పెండ్లాం" అనేవాడు.

నాకు మాటలు సిద్ధంగా ఉన్నాయనుకున్నావా? ఉండేవే. ఇన్నేళ్లు వెనక నిలబడి నాలో నేను ఎన్ని చెప్పుకున్నానో! దారి ఎట్లుండాల, ఎవరు ఏం చేయకూడదు, అన్నీ వరసగా ఉండేవి. అడిగేసరికి ఒక్కటీ రాలే. ఎదురుగా ఆ ఇనుప స్తంభాలు కనపడినాయి, ఒళ్లు మండింది.

"వచ్చేటోళ్లు నడిచి రండి, చూసి పోండి. గేటు పెడితే మాత్రం నేను పీకేస్తా."

అదీ నేను ఊరికిచ్చిన మాట! మీ మేనత్త ఎంత నిదానంగా, ఎంత అందంగా చెప్పేది! తాతేమో ఏం తక్కువ చేయకుండా కర్ర పైకెత్తి, గొంతు సవరించుకొని మొదలుపెట్టినాడు. "వచ్చేటోళ్లు నడిచి రావాల, చూసి పోవాల. గేటు పెడితే రంగమ్మ పీకేస్తుంది." మూడుసార్లు. మూడోసారి ఆడవాళ్లంతా ఆయనతో కలిసి అన్నారు, షబానా అందరికన్నా గట్టిగా. నేను ఎక్కడ దాక్కోవాలో తెలియక నీ వైపు చూస్తే నువ్వు చప్పట్లు కొడుతున్నావు.

ఆ వెంటనే సురేష్ వెంట పడినావు, స్తంభాలు తీయించేదాకా వదలనని. మీ ఇద్దరి అరుపులు రోడ్డు దాకా పోయినాయి. తీయించినావు, ఒప్పుకుంటా. కానీ అట్నించి అటే, మర్నాడు పొద్దున ఏదో ఉద్యోగం పరీక్ష ఉందని జాషువా బస్సు ఎక్కేస్తివి. తర్వాత ఇక్కడ ఏమైందో నీకు తెలియదు.

మాట చెప్పినోళ్లే మొదట దిగాల కదా. తాత "దిగమ్మా" అన్నాడు. నాకు చేతకాదన్నా. సర్పంచి అప్పటికే వెళ్లిపోయినాడు, మగవాళ్లు కొందరు మొహాలు తిప్పుకున్నారు. అప్పుడు మీ పెద్దనాయన వచ్చి, వంగి, నా చెప్పులు తీసి పక్కన పెట్టినాడు. గేటుకు తలూపిన మనిషే!

దిగినా. కోడళ్లకు ఎప్పుడూ చివరి వంతే నాగవేణీ. ఆడపడుచులు, వాళ్ల పిల్లలు, మగవాళ్లు అందరూ అయినాక మేం దిగేసరికి తొక్కి తొక్కి కలిపేసిన బురద నీళ్లు ఉండేవి. గుండమంటే అట్లనే ఉంటుందనుకున్నా. ఆదివారం ఇంకా ఎవరూ కాలు పెట్టలేదు. ధార నడినెత్తిన పడింది. అరిచినా. ఊరంతా నవ్వింది, నవ్వనీ. వంగి చూస్తే నా కాలి మెట్టెలు కనపడినాయి. వాటి కింద తెల్లటి రాళ్లు, రాళ్ల సందుల్లో సన్నటి చేపపిల్లలు.

మిగతా కోడళ్లు గట్టు మీద వరసగా నిలబడి చూస్తా ఉన్నారు. "రండే" అని చెయ్యి ఊపినా. ఆడపడుచుల కోసం ఎవరూ ఆగలే. ఊళ్లో దాని మీద ఇప్పుడు పెద్ద పంచాయితీ నడుస్తా ఉంది, మీ మేనత్త నంద్యాల నుంచి ఫోను చేసి మరీ తిడుతోంది. నాకు జలుబు చేసి గొంతు పట్టేసింది, తిరిగి తిట్టేందుకు కూడా లేదు. అంతా నీవల్లే.

గుండానికి అడుగు కనపడుతుందని ఇన్నేళ్లలో నాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదేందే?

రంగమ్మ